మూడో రోజు

కావలి దాటినాక ముసునూరు పక్క,
రొయ్యల గుంటల గట్టున మా పందుల దొడ్డి.
చుక్కమ్మ ఈనిన రాత్రి తాత లాంతరు పట్టుకున్నాడు.
నేను ద్రవ నత్రజని డబ్బా పట్టుకున్నాను.
మూత తీస్తే పొగ.
"ఏందిమే, ఇంత చలిని యాడ కొన్నావు?"

మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు.
చూలు లెక్క మా ఇంట్లో పలక పట్టకముందే నేర్పుతారు.
కాలేజీలో సార్ నూటపద్నాలుగు రోజులు అన్నప్పుడు
బల్ల కింద వేళ్ళు మడిచి కూడుకున్నాను.
సరిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఇరవయ్యో రోజు పిండాన్ని గూడూరు కబేళా నించి తెచ్చుకున్నా.
ముట్టె లేదు, గిట్ట లేదు.
కందిగింజంత ముద్దలో ఒక గొట్టం మెలి తిరిగి ఉండాది,
అవ్వ ఈతబద్దను తడిపి
బుట్టకి తొలి చుట్టు వంచినట్టు.
ఆ వంపులోనే కొట్టుకోవడం మొదలంట.

గుండెను కట్టే సంగతంతా ప్రతి కణంలోనూ రాసే ఉంటుంది,
చెవిలో, తోక వెంట్రుక కుదురులో కూడా.
చదివేది మాత్రం గుండెలోనే.
సార్ దీన్ని జన్యు వ్యక్తీకరణ అని బోర్డు మీద రాశాడు.
నాకు అవ్వ గుర్తొచ్చింది.
అరచేతిలో గీతలన్నీ ఉంటాయి,
పుల్ల ఆనించిన గీతే ఎరుక పలుకుతుంది.

నా పని చీటీలు లెక్కపెట్టడం.
ఏ రోజున ఏ జన్యువు ఎన్ని చీటీలు రాసి బయటికి పంపిందో.
అవి ఎక్కువసేపు నిలవవు,
ఒళ్ళు చల్లారేలోపే చిరిగిపోతాయి.
అందుకే ఈ పొగల డబ్బా, తాతా.

కడుపులో ఉన్నన్నాళ్ళూ గుండెకి చక్కెరే కూడు.
తొలి గాలి పీల్చి, చన్ను పట్టి, జున్నుపాలు మింగినాక
కొవ్వు కాల్చే జన్యువులు ఒక్కొక్కటే లేస్తాయి.
పాత ట్రోపోనిన్ దిగిపోతుంది, కొత్తది ఎక్కుతుంది.
బిట్రగుంటలో ఇంజన్ మార్చాలంటే
బండి ఆగేదని తాత చెప్పేవాడు.
ఇక్కడ బండి ఆగదు.
పరిగెత్తే చక్రాల మీదే ఇంజన్ మారిపోతుంది.

పన్నెండు పిల్లలు. నాకు నాలుగు కావాలి:
పుట్టిన రోజుది, రెండో రోజుది, మూడో రోజుది, ఏడో రోజుది.
తాతకి పంది కోయడం కొత్త కాదు,
నలభై ఏళ్ళు కోసి అమ్మాడు.
కళ్ళు తెరిచి కూసే పిడికెడు పిల్లను
ఏరి నా చేతిలో పెట్టడం కొత్త.
పెట్టాడు.
పెట్టి, నీళ్ళ తొట్టి నిండిందో లేదో చూసొస్తానని పోయాడు.
తొట్టి పొద్దున్నే నింపాం.

లెక్కలు నెలన్నర తర్వాత వచ్చాయి.
కణం రెండుగా చీలమని రాసే చీటీలు
మొదటి రోజు కుప్పలు, రెండో రోజు కుప్పలు.
మూడో రోజు గీత గట్టు తెగినట్టు కిందికి జారింది.
రెండ్రోజుల్లోపు గాటు పడితే
గుండె తన్ను తాను కుట్టుకుంటుంది.
ఆ తర్వాత పడితే మచ్చ.
బతుకంతా మచ్చే.

తాతకి చూపించాను.
పోయినేడు నెల్లూరులో ఎకో తీసిన డాక్టరు
ఈ పక్క గోడ కదలడం లేదని తేల్చిన చోట
చొక్కా మీద నించే చెయ్యి పెట్టుకున్నాడు.
"ఆ చీటీలు ఎవురు ఆపుతారు?"
తెలీదు.
"మళ్ళా రాయించొచ్చా?"
తెలీదు తాతా.
"మరి ఇన్నేళ్ళు ఏం చదివినట్టు?"

అరుగు మీద నించి అవ్వ తలెత్తకుండానే అనింది:
"ఆపకపోతే ఎట్ట? బుట్టకి అంచు కట్టద్దా?
అల్లుకుంటా పోతే ఎప్పుడు మోస్తావు దాన్ని?"
ఆ మాట నాకు నచ్చలేదు.
నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.

పంది లెక్క పెట్టుకోదని అందరూ అంటారు.
పద్నాలుగు చన్నులకి ఎనిమిది నోళ్ళే మిగిలితే
దానికేం తెలుస్తుందంటారు.
ఎనిమిదే. నాలుగు నేను తీసుకున్నవి.
ఏడో రోజు రాత్రి దాణా పోయడానికి వంగినప్పుడు
చుక్కమ్మ దాణా ముట్టలేదు.
సబ్బుతో మూడుసార్లు కడిగిన నా చెయ్యి
ముట్టెతో తిప్పి తిప్పి వాసన చూసింది.
లాగేసుకోవచ్చు.
లాగలేదు.
అది చూసినంతసేపూ చూడనిచ్చాను.